రెప్ప కొట్టని ఎనిమిది నెలలు

ఇది నోటుబుక్కులో పెన్నుతో రాస్తున్నాను. అర పేజీ కాగానే తలెత్తి కిటికీలోంచి కనబడే గుట్టను చూస్తాను. గుట్ట మీది బండలు వేరువేరుగా కంటికి ఆనితే మళ్ళీ తల దించి రాస్తాను. "ఎందుకమ్మా గీ తిప్పలు, ఫోన్ల మాట్లాడితే అదే రాసుకుంటది గదా" అంది మా అఖిల. దానికి పదేళ్ళు. అన్నిటికీ ఒక ఉపాయం ఉంటుంది దాని దగ్గర. నాకు ఆ ఉపాయం వద్దు.

నా పేరు మంజుల. నల్గొండలో ఒక ఫ్లెక్సీ షాపులో పదకొండేళ్ళుగా డిజైనరుగా పనిచేస్తున్నాను. పెళ్ళి, పుట్టినరోజు, గృహప్రవేశం, ఎలక్షను, చావు, మా దిక్కు ఏది జరిగినా ముందు ఫ్లెక్సీ పడాలి. ఆ ఫ్లెక్సీల మీద మనుషుల మొహాలు కత్తిరించి అతికించేది నేను. పోయిన ఏడాది నా చూపు పోతుందేమోనన్న దాకా వచ్చింది. పోలేదు. కుర్చీలో మళ్ళీ కూర్చుంటున్నాను.

మొన్న షాపులో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు నులుముకుంటూ కనబడితే నా కథ చెప్పబోయాను. సగం చెప్పి ఆగిపోయాను. మిగతా సగానికి సిగ్గు అడ్డం వచ్చింది. కాగితం మొహం చూడనక్కర్లేదు కాబట్టి ఇక్కడ మొత్తం రాస్తున్నాను. వాళ్ళు చదవాలి. నేనూ ఒకసారి చదువుకోవాలి.

మాఘం

పెళ్ళిళ్ళ సీజను, దానికి తోడు ఎలక్షను ఏడాది. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా స్క్రీను ముందే తెరిచేదాన్ని. మా వెనక గదిలో ప్రింటింగు మిషను, దాని కోసం ఏసీ. ఆ ఏసీ గాలి సూటిగా నా మొహం మీదికే. రంగులు సరిగ్గా తెలియాలని స్క్రీను వెలుగు చివరిదాకా పెంచిపెట్టుకునేదాన్ని. గదిలో మాత్రం ఒక్కటే లైటు, అదీ నా వీపు వెనక.

మా పనిలో రెండు కష్టాలు. ఒకటి జుట్టు. ఫొటోలో మనిషి వెనకున్న గోడనో పందిరినో తీసేసి, తలను వెంట్రుక వెంట్రుకగా కత్తిరించాలి. రెండోది నాయకులు. ఎవరి బొమ్మ పైన, ఎవరిది కింద, ఎవరి తల ఎవరి తల కంటే వేలెడు చిన్నదైంది, ఇవన్నీ చూసుకోవాలి. ఒకసారి ఒక మండల నాయకుడి తల పక్కాయన తల కంటే చిన్నగా పడిందని ఆయన మనుషులు వచ్చి షాపు ముందే ఫ్లెక్సీని చింపి పోగులు పెట్టారు. అప్పటినుంచి స్క్రీను మీద స్కేలు పెట్టి కొలిచి మరీ చేసేదాన్ని.

మా ఓనరు భాస్కరన్న చెడ్డవాడు కాదు. వచ్చిన గిరాకీకి నన్ను చూపించి "మా మంజుల కూసున్నదంటే రెప్ప కొట్టది, తల తిప్పది" అని గొప్పగా చెప్పేవాడు. వినీ విననట్టు ఉండి లోపల పొంగిపోయేదాన్ని. ఆయన అన్నది అక్షరాలా నిజమని, అదే నా రోగమని నాకేం తెలుసు!

సాయంత్రమయ్యేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టు గరగరలాడేవి. కనుబొమల మీద నొప్పి. ఏడుపు లేకుండానే నీళ్ళు కారేవి. షాపు బయట ఆగిన ఆటో మా ఆయనదో కాదో దగ్గరికి పోయేదాకా తెలిసేది కాదు. ఒకరోజు ఎవరిదో ఆటో ఎక్కి కూర్చుని "ఇయ్యాల గింత లేటైందేంది, ఎంతసేపు నిలబడాలె?" అని దబాయించాను. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి "ఏడికి పోవాలె మేడం?" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయన రవికి చెబితే ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వాల్సిన సంగతి కాదది.

మా వీధి మలుపులో మందుల షాపు ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయంటే ఒక చుక్కల మందు ఇచ్చాడు. వేసుకున్న కాసేపటికి చల్లగా అయింది, ఎరుపు పోయింది. ఇంకేం కావాలి? సీసా ఖాళీ అయినప్పుడల్లా అదే చూపించి ఇంకోటి తెచ్చుకున్నాను. డాక్టరు చీటీ ఏదని అతను అడగలేదు, డాక్టరు దగ్గరికి పోవాలని నేనూ అనుకోలేదు.

ఎండలు, వానలు

ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, చుక్కల సీసాలు మారుతూనే ఉన్నాయి. మొదట్లో రోజుకు రెండుసార్లు వేసుకునేదాన్ని. శ్రావణం పెళ్ళిళ్ళ నాటికి లెక్క తప్పింది. ఇంటికి వచ్చాక కూడా ఊరుకునేదాన్ని కాదు. గిరాకీ వాళ్ళు పంపే దిద్దుబాట్లు ఫోనులో చూసుకుంటూ అన్నం తినేదాన్ని.

రోజూ పొద్దున ఎవరూ లేనప్పుడు ఒక పరీక్ష పెట్టుకునేదాన్ని. ఎడమ కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండరులో తిథి చదవడం. తర్వాత కుడి కన్ను మూసి చదవడం. మొదట గుమ్మం దగ్గర నిలబడి చదివాను. తర్వాత మంచం దగ్గర నుంచి. వినాయకచవితి నాటికి గోడకు ముక్కు ఆనించినంత దగ్గరికి పోతే తప్ప తెలియలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. చుక్కలు వేసుకుని పనికి పోయాను.

అఖిలకు రెండు జడలు వేసేదాన్ని. "అమ్మా, పాపిట వంకరపోయిందట. మా టీచరు గుట్టకు పోయే తొవ్వ లెక్కున్నదన్నది" అని ఏడుపు మొహం పెట్టింది ఒకరోజు. నాకు ఎక్కడలేని కోపం వచ్చి దువ్వెనతో ఒక్కటేశాను. పాపిట కనబడక వంకరగా తీసింది నేను, దెబ్బ తిన్నది అది. దాని చేతి మీద దువ్వెన పళ్ళ వాతలు తేలాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మా అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నందివర్ధనం పూలు తడిపి మూసిన కళ్ళ మీద పెట్టింది. "దినమంత నువ్వు దాన్ని సూస్తున్నవా, అది నిన్ను సూస్తాందా?" అంది. అత్తమ్మ మాటలకు నవ్వొచ్చేది. ఇప్పుడు అనిపిస్తుంది, ఇంటిల్లిపాదిలో సరైన ప్రశ్న అడిగింది ఆమే.

రవితో మాత్రం గొడవే.

"దవాఖానకు నడువంటే సీజన్ పోనియ్ అంటవు. పెండ్లిళ్లైనంక ఎలక్షన్లు, ఎలక్షన్లైనంక పండుగలు. మనుషులు పుట్టుడు సచ్చుడు ఆగుతదా? ఇగ నీ సీజన్ ఎప్పుడైపోతది?"

"నా కండ్లు మంచిగ లేవని భాస్కరన్నకు తెలిస్తే నా కుర్చీల ఇంకొకల్లను కూసోబెడ్తడు. గప్పుడు నీ ఆటో మీదనే ఇల్లు నడిపిద్దువు తీ!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రవి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆటో అడ్డాలో పొద్దంతా కాచుకునే మనిషిని ఎక్కడ కొట్టకూడదో అక్కడ కొట్టాను. కానీ నా భయం అంత పెద్దది. మా పనిలో చేతులు కాదు, కళ్ళే కూలి తెచ్చేవి. కళ్ళు పోయిన డిజైనరును ఎవరు పిలుస్తారు?

దసరా వెళ్ళిన వారం

హాలియా అవతలి ఊరి నుంచి శైలజ అనే అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. తండ్రి మల్లయ్య గొర్రెలు కాసేవాడు, గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయాడు. ఎల్లుండి దశదినకర్మ. ఊరి మొదట్లో కట్టడానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలి.

"మా నాయినకు వేరే ఫొటో లేదక్కా. గొర్లెంబడి తిరిగెటాయన. ఫొటో దిగుమంటే సిగ్గుపడి పోయేటోడు" అంటూ ఫోను తీసి చూపించింది. మల్లన్న పండుగ నాటి ఫొటో. మల్లయ్య, ఆయన తమ్ముడు లింగయ్య పక్కపక్కన నిలబడి ఉన్నారు. భుజాల మీద ఒకే తీరు గొంగడి, ఒకే తీరు తలపాగా, ఒకే మీసం.

"ఎడమ చెవుకు పోగున్నాయన మా నాయిన. చిన్నాయినకు పోగు లేదు. జర చూసి చెయ్ అక్కా" అని వేలితో కూడా చూపించింది. నేను తలూపాను. ఫోను స్క్రీను మీద నాకు కనబడింది రెండు తలపాగాలు, రెండు మసక మొహాలు.

ఫొటోను కంప్యూటరులోకి తెచ్చుకుని పెద్దది చేశాను. అప్పటికి పొద్దున్నుంచి ఏడుగంటలుగా కూర్చుని ఉన్నాను. రెండు మొహాలూ ఒకదాని మీదికి ఒకటి జరుగుతున్నాయి. కళ్ళు మూసి తెరిచాను, చుక్కలు వేసుకున్నాను. ఒకాయన చెవి దగ్గర ఏదో తళుక్కుమంది. పోగే అనుకున్నాను. శైలజ నా ముందే, మూడడుగుల దూరంలో, కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంది. "ఒక్కసారి ఇటొచ్చి చూడు చెల్లె" అంటే అయిపోయేది. అంటే మాత్రం నాకు కనబడడం లేదని భాస్కరన్న ముందు ఒప్పుకున్నట్టే కదా! అనలేదు.

తళుక్కుమన్న చెవి మనిషిని కత్తిరించాను. చుట్టూ పూలదండ వేశాను, కింద దీపం పెట్టాను. "మీ ఆత్మకు శాంతి చేకూరాలి" అని రాశాను. బస్సుకు వేళైందని శైలజ వెళ్ళిపోయింది. డిజైను ఆమె ఫోనుకు పంపితే సరేనని బొటనవేలి బొమ్మ వచ్చింది. ఆ సమయానికి ఫోను చుట్టాల చేతుల్లో ఉందని, చూడకుండానే ఎవరో నొక్కారని తర్వాత తెలిసింది. మర్నాడు వాళ్ళ ఊరివాడొకడు చుట్టి ఉన్న ఫ్లెక్సీని తీసుకుపోయి రాత్రి చీకట్లోనే కట్టేశాడట.

నేను పూలదండ వేసింది లింగయ్యకు.

దశదినకర్మ నాడు పొద్దున్నే లింగయ్య మంద దగ్గర నుంచి ఊళ్ళోకి వస్తూ మొదట్లోనే తన చావు తాను చూసుకున్నాడు. వెనకే వస్తున్న ఆయన భార్య ఆ దండను, దీపాన్ని చూసి అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది. బతికున్న మనిషి ఫొటోకు దండ వేయడమంటే మా దిక్కు చావు కోరడమే. కర్మకు వచ్చిన చుట్టాలు మల్లయ్య సంగతి మరిచి శైలజ మీద పడ్డారు. తండ్రిని పోగొట్టుకుని పదిరోజులైన పిల్లను "నాయినను మింగింది సాలదా, చిన్నాయినను సుత పంపుదామనుకున్నవా" అన్నారట.

ఆ మధ్యాహ్నమే నలుగురు మగవాళ్ళు షాపుకు వచ్చారు. వాళ్ళతో లింగయ్య కూడా. ఒకాయన ఫ్లెక్సీని మా బల్ల మీద పరిచి "గీయన బతికున్నడా, సచ్చిండా? నువ్వే చెప్పు సేటూ" అన్నాడు. భాస్కరన్న ఫ్లెక్సీ చూశాడు, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏంది మంజులా గిది?"

నాకు గుర్తున్నంతవరకు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాదేం లేదన్నా. ఆ పిల్ల గీయన్నే చూపెట్టింది" అన్నాను.

"నేను చెప్పలే? దానికి సోయి లేదు" అన్నాడు వాళ్ళలో ఒకడు. పిల్లకు ఒంటి మీద తెలివి లేదని మిగతావాళ్ళూ తలలూపారు. అంతే, అంత సులువుగా అయిపోయింది. ఎదురు చెప్పడానికి ఆ పిల్ల అక్కడ లేదు.

లింగయ్య మాత్రం నన్నే చూస్తూ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇటు సూడు బిడ్డా" అని బొటనవేలితో నా కింది రెప్పను మెల్లగా కిందికి లాగాడు. గొర్రెకు జబ్బు చేస్తే వాళ్ళు అలాగే చూస్తారు. "ఎన్ని దినాల సంది గిట్లున్నయి?" అన్నాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. "దవాఖానకు పో. ఇయ్యాల్నే పో. రేపనకు" అన్నాడు. తర్వాత తన మొహం లోపలికి వచ్చేలా ఫ్లెక్సీని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను అన్యాయం చేసిన ఇంటి మనిషి నా రోగాన్ని గుర్తుపట్టాడు. నేనేమో అదే ఇంటి పిల్ల మీద నింద వేసి కూర్చున్నాను.

కార్తీకం

మర్నాడు రవి సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. చీటీ రాయించుకునే వరసలో గంట, కంటి డాక్టరు గది బయట బెంచీ మీద ఇంకో గంట. ఆ బెంచీ మీద అందరూ ముసలివాళ్ళే. నా కళ్ళల్లో మందు వేసి మూసుకుని కూర్చోమన్నారు. పక్కనున్న అవ్వ నా మోచేయి పట్టుకుని "నీకు గూడ పొరొచ్చిందా బిడ్డా? గింత సిన్న వయసుల?" అని అడిగింది.

"పొర గాదవ్వా. కంప్యూటర్ చూసీ చూసీ గిట్లయింది."

"సూసుడు గూడ పనేనా?" అంది అవ్వ ఆశ్చర్యంగా. కాసేపాగి ఆమే "ఎందుకు గాదు తీ. మేము సేన్ల పిట్టలకు కావలుంటం, గది సుత సూసుడే గదా. కని మేము ఊకె ఒక్కదిక్కే సూడం బిడ్డా" అంది. ఒళ్ళోంచి రెండు జామకాయ ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నా నోట్లోకి వెళ్ళింది అవే.

కళ్ళు మూసుకుని ఉన్నప్పుడే రవికి చెప్పాను. ఆయన మొహం కనబడదు కాబట్టి చెప్పగలిగాను. శైలజ సరిగ్గానే చూపించిందని, నాకే కనబడలేదని, అబద్ధమాడానని. రవి లేచి వెళ్ళిపోయాడేమోనని చేత్తో తడిమి చూశాను. పక్కనే ఉన్నాడు.

"ముందుగాల నీ కండ్లు కానియ్. తర్వాత గా పిల్ల కాడికి పోదాం. పోవుడైతే పోవాలె మంజులా" అన్నాడు.

డాక్టరమ్మ నా వయసుదే. అన్నీ ఓపికగా చూసింది. చుక్కల సీసా తీసి చూపించేసరికి మాత్రం ఆమె గొంతు మారింది. "ఎవరిచ్చారు ఇది? ఎన్నాళ్ళుగా?" ఎనిమిది నెలలన్నాను. సీసా చెత్తబుట్టలో పడేసింది. ఈ చుక్కల్లోని స్టెరాయిడ్ మందు వల్ల కంటిలోపల ఒత్తిడి పెరిగిందని, దానివల్ల చూపు నరం దెబ్బతిన్నదో లేదో హైదరాబాదులో పెద్ద దవాఖానలో చూపించుకోవాలని చెప్పింది. "నరం పోతే పోయినట్టే. ఏ అద్దాలూ తిరిగి తేలేవు" అంది. గది బయటికి వచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను.

హైదరాబాదులో పరీక్ష తేదీ వచ్చేదాకా రెండు వారాలు. ఆ రెండు వారాలు ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని తెలుసుకునే పని పెట్టుకున్నాను. గ్లాసులు, అగ్గిపెట్టె, అఖిల పుస్తకాల సంచీ. అత్తమ్మ చూసి గట్టిగా తిట్టింది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అఖిల వచ్చి తన దువ్వెన నా చేతిలో పెట్టి "వంకరొచ్చినా ఏం గాదమ్మా, ఏస్కుంట" అంది. దాన్ని దగ్గరికి తీసుకుని పాపిట తీయకుండా ఒక్క జడ వేశాను.

నరం దెబ్బతినలేదు. పెద్ద డాక్టరు కాగితం చదివి ఆ మాట చెప్పగానే రవి రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టాడు. చుక్కలు మానేస్తే ఒత్తిడి మెల్లగా తగ్గుతుందన్నారు. కళ్ళు మాత్రం బాగా ఎండిపోయాయట. స్క్రీను చూసేటప్పుడు మనిషి రెప్ప వేయడం తగ్గిస్తాడని, నేను మరీ తక్కువ వేస్తున్నానని, కంటి మీది తడి ఆరిపోయి గీసుకుపోయిందని వివరంగా చెప్పారు. అద్దాలు రాశారు. నెలరోజులు కంప్యూటరు, ఫోను ముట్టవద్దన్నారు.

ఖాళీగా ఉన్న నెల

నెలరోజులు నా కుర్చీలో వేరే మనిషి కూర్చుంది. ఊరుకోలేక ఒకరోజు షాపుకు పోయి భాస్కరన్నకు మొత్తం చెప్పాను, కళ్ళ సంగతీ, అబద్ధం సంగతీ. ఆయన బల్ల మీది పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ విన్నాడు.

"ఒక్క మాట చెప్పకపోతివి మంజులా. నేను సూడు, రెప్ప కొట్టదని ఊరంత చెప్పుకున్న. సిగ్గుండాలె నాకు" అన్నాడు. తర్వాత, "గా ఊరికి నేనొస్త పా" అన్నాడు. వద్దు, నేనే పోవాలి అన్నాను. నెల తర్వాత పోయేసరికి నా బల్లను పక్కకు తిప్పించి ఉంచాడు. ఏసీ గాలి మొహానికి తగలకుండా, లైటు వీపు వెనక కాకుండా పక్క నుంచి పడేలా.

ఇప్పుడు నేనెలా పనిచేస్తున్నానో మీ ఇద్దరి కోసం రాస్తున్నాను పిల్లలూ. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరంగా చూస్తాను. ఊరికే చూపు తిప్పడం కాదు, వీధి అవతల దాబా మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టేంతసేపు. మొదట్లో మరిచిపోయేదాన్ని. అందుకని మిషను మీద ఒక ఫ్లెక్సీ అయిపోయి కొత్తది ఎక్కించిన ప్రతిసారీ లేచి గుమ్మం దాకా పోవడం అలవాటు చేసుకున్నాను. స్క్రీనును కళ్ళ కంటే కొంచెం కిందికి, మూరెడు దూరంగా జరిపాను. వెలుగు గదిలో ఉన్నంతే. రంగు చూడాల్సినప్పుడు పెంచి, చూసి, మళ్ళీ తగ్గిస్తాను. అక్షరాలు పెద్దవి చేసుకోవడానికి నామోషీ పడను. రెప్పలు మాత్రం కావాలనే కొడతాను. గిరాకీ వాళ్ళకు నేను కన్ను కొడుతున్నట్టు అనిపిస్తే అనిపించనీ! అన్నం తినేటప్పుడు ఫోను చూడను. కళ్ళు ఎర్రబడితే మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి పోతాను. అన్నిటికంటే ముఖ్యమైనది, కనబడకపోతే కనబడడం లేదని చెబుతాను. పక్కవాళ్ళను పిలిచి చూడమంటాను. దానికి చుక్కల మందు అక్కర్లేదు, నోరుంటే చాలు.

మళ్ళీ మాఘం

రవి ఆటోలోనే పోయాం. శైలజ వాళ్ళ ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డికి ఆనుకుని ఉంది. వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. అద్దాలతో ఉన్న నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక మొహం బిగుసుకుపోయింది. కూర్చోమనలేదు.

నిలబడే చెప్పాను. "నువ్వు మీ నాయిన్నే చూపెట్టినవు చెల్లె. పోగు సంగతి సుత చెప్పినవు. నా కండ్లకే ఆనలే. ఆనలేదంటే నా పని పోతదని నీ మీదికి నెట్టిన."

శైలజ చేతిలోని తడి చీరను అలాగే పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె అన్నది వేరు.

"నేనే తప్పు చూపెట్టిన్నేమో అనుకున్న అక్కా. అందరు గట్లనే అనంగ అనంగ నాకు సుత గట్లనే అనిపించింది. మా నాయినను మా చిన్నాయినను గుర్తువట్టరాని దాన్నైన్నా అని... నాలుగు నెలల సంది గా ఫొటో తెరువనే లేదు నేను. నాయిన మొకం చూడాలంటెనే భయమైతాంది."

మల్లయ్యది ఉన్నదే ఒక్క ఫొటో. నేను నా చూపు గురించే చూసుకున్న నాలుగు నెలలూ ఈ పిల్ల తండ్రిని చూసుకోలేదు. చేతులు జోడించాను. ఆమె నా చేతుల వైపు చూడలేదు.

"నా ఒక్కదానికి చెప్తే ఏమొస్తదక్కా? అందరి ముంగట చెప్పు" అంది.

నిజమే కదా! పది మందిలో వేసిన నింద ఒక్కదాని చెవిలో చెబితే ఎలా పోతుంది? శైలజ లోపలికి పోయి తల్లిని పిలిచింది. పక్కింటి నుంచి లింగయ్య, ఆయన భార్య వచ్చారు. ఆ రోజు షాపుకు వచ్చిన నలుగురిలో ఇద్దరు వచ్చారు. ఎదురిళ్ళ ఆడవాళ్ళు గోడల దగ్గర నిలబడ్డారు. రవి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"శైలజ సరిగ్గనే చూపెట్టింది. తప్పు నాది. ఎనిమిది నెలల సంది నా కండ్లు మంచిగ కనబడకపోయినా దాచిపెట్టుకుని పనిచేసిన. గా దినం మీ అందరి ముంగట అబద్ధం చెప్పిన. ఈ పిల్లను అన్న మాటలన్ని నన్ను అనుర్రి" అన్నాను.

షాపులో ఆ రోజు "దానికి సోయి లేదు" అన్నవాడు తల దించుకుని కాలితో మట్టి రాస్తూ నిలబడ్డాడు. లింగయ్య నా దగ్గరికి వచ్చి మొహంలోకి చూశాడు. "కండ్లు తెల్లవడ్డయి. మంచిగైంది" అన్నాడు. తర్వాత శైలజ దగ్గరికి పోయి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నేను నిన్ను ఒక్క మాట అనలే బిడ్డా. కని అన్నోల్లను ఆపలే. నా బొమ్మకు దండేసిండ్రన్న భయంల నేను నిన్ను ఇడిసిపెట్టిన" అన్నాడు.

శైలజ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. అరుగు మీద కూర్చుని ఫోను తీసి ఆ ఫొటో తెరిచింది. లింగయ్య పక్కన కూర్చోబోతే జరిగి చోటిచ్చింది. చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత తండ్రి చెవి దగ్గర వేలు పెట్టి, "గిదిగో పోగు" అంది.